ఏడో తరగతి పిల్లకి లెక్క వచ్చు, ప్రశ్న అర్థం కావట్లేదు. ఇప్పటి నుంచే ఫౌండేషన్‌లో వేయాలా?

పటమట అమ్మ:

అందరికీ నమస్తే. మాది విజయవాడ పటమట. మా అమ్మాయి ఏడో తరగతి, ప్రైవేటు స్కూలు, ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియమే. మార్కులకి ఢోకా లేదు, స్లిప్ టెస్టుల్లో 25కి 22కి తగ్గదు. అందుకే ఇన్నాళ్లూ నేను పెద్దగా పట్టించుకోలేదు. పోయిన ఆదివారం బీరకాయలు తరుగుతూ పక్కన కూర్చోబెట్టుకుని లెక్కలు చేయిస్తుంటే ఒకచోట ఆగిపోయింది. తమ్ముడు, అన్నల వయసులు 'రెస్పెక్టివ్‌లీ' 5:7 నిష్పత్తిలో ఉన్నాయి, ఇద్దరి వయసులూ కలిపితే 36, తమ్ముడి వయసెంత అని లెక్క. ఆ మాట మీద వేలు పెట్టి "రెస్పెక్ట్ అంటే గౌరవం కదమ్మా, వయసుల్లో గౌరవం ఎందుకొచ్చింది?" అంది. నేను తెలుగులో "తమ్ముడివి 5 వాటాలు, అన్నవి 7 వాటాలు, అంతా కలిపి 36" అన్నానో లేదో, పెన్ను పట్టకుండానే 15 అని చెప్పేసింది.

అప్పుడు నాకు అనుమానం వచ్చి సైన్స్ పుస్తకం తీశాను. ఫొటోసింథసిస్ డెఫినిషన్ గడగడా అప్పజెప్పింది. మరి మన బాల్కనీలో తులసి మొక్కని పది రోజులు బీరువా గదిలో పెట్టి తలుపేస్తే ఏమవుతుందే అంటే, "అది సిలబస్‌లో లేదమ్మా" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎల్‌కేజీ నుంచి కట్టిన ఫీజులన్నీ కళ్ల ముందు తిరిగాయి, అది వేరే సంగతి.

సరిగ్గా ఆ మర్నాడే స్కూల్లో పిలిచి, ఎనిమిదో తరగతి నుంచి ఐఐటీ ఫౌండేషన్ బ్యాచ్ పెడుతున్నాం, రేపు ఇంటర్‌లో తట్టుకోవాలంటే, మంచి కాలేజీలో సీటు రావాలంటే ఇప్పుడే చేర్చండి, నెలాఖరులోపు చెప్పండి అన్నారు. ఫీజు అదనం. పొద్దున 7కి వెళితే సాయంత్రం 6 దాటుతుంది, ఆదివారం టెస్టు. మావారికి ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపు, ఆయనకి తీరిక ఉండదు, నీ ఇష్టం అనేశారు. నేను డిగ్రీ దాకా తెలుగు మీడియం. సబ్జెక్టు మాటలు తెలుగులో వచ్చు, కసాగు, గసాభా, సాంద్రత, బాష్పోత్సేకం అన్నీ గుర్తున్నాయి, ఇంగ్లిష్‌లో తడబడతాను. నాకు కావాల్సింది ఒక్కటే, రేపు కాలేజీకి వెళ్లాక పిల్ల తన కాళ్ల మీద తను చదువుకోగలగాలి. దానికి ఈ వయసులో నిజంగా ఏం చేయాలి? ఈ మాటల ఇబ్బంది ఇంట్లో నేను తీర్చగలనా, లేక ఫౌండేషనే దారా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

లెక్కల మాస్టారు, తెనాలి:

అమ్మా, మీరు సగం జబ్బు మీరే కనిపెట్టేశారు. నేను తెనాలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను, భౌతికశాస్త్రం టీచర్ లేనప్పుడు అది కూడా. 6 నుంచి 10 వరకు అన్ని తరగతులూ చూశాను కాబట్టి నా అనుభవం చెబుతున్నాను.

పిల్లలు పెద్ద పెద్ద మాటల దగ్గర ఆగరు. ఫొటోసింథసిస్, హైపోటెన్యూస్, ఇలాంటివి పుస్తకంలో లావు అక్షరాల్లో ఉంటాయి, టీచర్ బోర్డు మీద రాస్తాడు, పరీక్షలో వస్తుందని బట్టీ అయినా పడతారు. ఆగేది లావు అక్షరాల్లో లేని మాటల దగ్గర. రెస్పెక్టివ్‌లీ, ఎట్ లీస్ట్, ఎట్ మోస్ట్, ఈచ్, రిమైనింగ్, ఎక్సెప్ట్, హెన్స్, ఎక్సీడ్స్, ఇన్ టర్మ్స్ ఆఫ్... ఈ మాటల్ని ఎవరూ నేర్పరు. ఇంగ్లిష్ సార్ ఇవి లెక్కల మాటలనుకుంటాడు, లెక్కల సార్ (నేనూ చాలా ఏళ్లు అంతే) ఇది ఇంగ్లిష్ సార్ పని అనుకుంటాడు, మధ్యలో పిల్ల మిగిలిపోతుంది. 'ఎట్ లీస్ట్ 5' అంటే మా పిల్లల్లో చాలామంది 5 కన్నా తక్కువ అని రాస్తారు, లీస్ట్ అంటే తక్కువ అని తెలుసు గనక. అదే 'కనీసం 5' అనండి, ఎవరూ తప్పు చేయరు. కనీసం 5 రూపాయలైనా ఇవ్వమ్మా అని రోజూ ఇంట్లో అడిగేవాళ్లే కదా! అంటే వాళ్లకి ఆలోచన ఉంది. ఆ ఆలోచనకి ఇంగ్లిష్ పేరు ఏంటో ఎవరూ చెప్పలేదు.

ఇంకో రకం మాటలు ఇంకా ప్రమాదం. తెలిసినట్టే ఉంటాయి, క్లాసులో అర్థం మారిపోతుంది. వాల్యూమ్ అంటే టీవీ సౌండు, లెక్కల్లో ఘనపరిమాణం. మీన్ అంటే అర్థం, లెక్కల్లో సగటు. ప్రాడక్ట్ అంటే షాపులో వస్తువు, లెక్కల్లో లబ్ధం. డిఫరెన్స్ అంటే తేడా, లెక్కల్లో తీసివేస్తే వచ్చేది. తెలుగులో కూడా ఉన్నాయి ఇలాంటివి. ఒకసారి తొమ్మిదిలో 'పని' పాఠం చెబుతున్నాను. బరువు నెత్తిన పెట్టుకుని చదునైన నేల మీద సమానమైన వేగంతో నడిస్తే, ఆ బరువుని మోస్తున్న బలం చేసిన పని సున్నా అన్నాను. వెనక బెంచీలోంచి ఒక పిల్లాడు లేచాడు. వాళ్ల నాన్న గుంటూరు మిర్చి యార్డులో ముఠా కూలీ. "మా నాన్న పొద్దున్నించి రాత్రి దాకా టిక్కీలు (మిర్చి బస్తాలు) మోస్తాడు సార్, ఇంటికొచ్చి నడుం పట్టుకుని పడుకుంటాడు, పని సున్నా ఎలా అవుద్ది?" అన్నాడు. క్లాసంతా నిశ్శబ్దం. నేను పాఠం ఆపేసి, ఆ పీరియడ్ మొత్తం టిక్కీ మీదే పెట్టాను. కింద నుంచి నెత్తికెత్తినప్పుడు బలం పైకి, బస్తా కదిలింది పైకి, అక్కడ పని జరిగింది. యార్డులో చదునుగా నడిచినంతసేపూ బలం పైకే ఉంది, కదలిక అడ్డంగా ఉంది, అందుకని ఆ బలం చేసిన పని సున్నా. చెక్క మీదుగా లారీలోకి ఎక్కినప్పుడు మళ్లీ పని. మీ నాన్న కష్టం సున్నా కాదురా, ఒళ్లు అలిసేది నిజమే, శాస్త్రం ఈ 'పని' అనే మాటని ఒక చిన్న కొలత కోసం మాత్రమే వాడుకుంది, మనం ఇంట్లో వాడేది వేరు అని చెప్పాను. ఆ బ్యాచ్‌లో ఆ పాఠం మర్చిపోయినవాడు లేడు. మాట మీద పిల్లాడు ఎదురు ప్రశ్న వేశాడంటే ఆ మాట వాడిదైపోయినట్టే.

మీరు ఇంట్లో చేయగలిగింది: ఒక చిన్న నోట్సు పెట్టండి. వారానికి నాలుగు మాటలు చాలు, ఐదు కూడా వద్దు. ఇంగ్లిష్ మాట, పక్కన తెలుగు, కింద మీ ఇంట్లో సంగతితో అమ్మాయి సొంతంగా చెప్పిన ఒక వాక్యం. పుస్తకంలో వాక్యం ఎక్కించనివ్వకండి. 'రెస్పెక్టివ్‌లీ'కి తెలుగు పుస్తకంలో 'వరుసగా' అని ఉంటుంది, ఆ 'వరుసగా' కూడా పిల్లలకి తెలియదు, ఒకదాని తర్వాత ఒకటి అనుకుంటారు. "అమ్మ, నాన్న వరుసగా కాఫీ, టీ తాగుతారు" అని చెప్పించండి. ఎవరు కాఫీ, ఎవరు టీ అని అడగండి. అయిపోయింది.

ఇంకొక మాట, మన రాష్ట్ర ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు కొన్నేళ్లుగా రెండు భాషల్లో వస్తున్నాయి, ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ అదే పాఠం తెలుగు. పీడీఎఫ్‌లు ఉచితంగా దొరుకుతాయి. మీలాంటి అమ్మకి అంతకన్నా మంచి పుస్తకం లేదు. అమ్మాయి ఇంగ్లిష్ పేజీ చదువుతుంది, మీరు తెలుగు పేజీ చూస్తారు, ఒకరికొకరు చెప్పుకోండి.

పల్నాడు కుర్రాడు, బీటెక్ సెకండియర్:

ఆంటీ, మీ పోస్టు చదివాక రాయకుండా ఉండలేకపోయాను. నేను పది దాకా తెలుగు మీడియం, మా ఊరి హైస్కూలు, పదిలో మంచి మార్కులు. ఇంటర్‌కి మా నాన్న అప్పు చేసి విజయవాడ హాస్టల్లో చేర్చాడు. మొదటి వారం ఫిజిక్స్ క్లాసులో సార్ ప్రతి లెక్కలోనూ 'నెగ్లిజిబుల్ ఫ్రిక్షన్' అంటున్నారు. నాకు స్టాటిక్ ఫ్రిక్షన్, రోలింగ్ ఫ్రిక్షన్ తెలుసు, స్థైతిక ఘర్షణ, దొర్లుడు ఘర్షణ అని చదువుకున్నాను. నెగ్లిజిబుల్ అనేది కూడా అలాంటి ఇంకో రకం ఘర్షణ అనుకుని దానికి ఫార్ములా ఏంటా అని రాత్రి 11 దాకా మెటీరియల్ అంతా వెతికాను. పక్కవాణ్ని అడగాలంటే సిగ్గు. దాదాపు నెల తర్వాత ఒక సీనియర్ అన్న "అంటే లెక్కలోకి తీసుకోనంత తక్కువ, ఘర్షణని వదిలెయ్ అని అర్థంరా" అన్నాడు. బాత్రూంలోకెళ్లి ఏడ్చాను. తెలియనందుకు కాదు, తెలుగు పుస్తకంలో 'ఘర్షణను ఉపేక్షించండి' అని ఉంటే అంతకుముందు అలాంటి లెక్కలు ఎన్నో చేసేశాను, నాకు వచ్చిన లెక్కే నాకు రానట్టు నెల రోజులు బతికాను.

అందుకని చెబుతున్నాను, మీ అమ్మాయి 'రెస్పెక్టివ్‌లీ అంటే ఏంటి' అని అడిగింది చూడండి, ఆ అడగడం పోనివ్వకండి. మా హాస్టల్లో వందమందిలో అడిగేవాళ్లు ఇద్దరో ముగ్గురో. మిగతావాళ్లం తలూపేవాళ్లం. ఫౌండేషన్ గురించి నాకు చెప్పే అర్హత లేదు, నేను చేయలేదు.

భవానీపురం నాన్న:

అందరూ ఫౌండేషన్ వద్దనే చెబుతారని తెలుసు, కానీ మా అనుభవం వేరు కాబట్టి చెప్పాలి. మా వాడు ఎనిమిది నుంచి ఫౌండేషన్, ఇప్పుడు ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. నేనూ మా ఆవిడా ఇద్దరం ఉద్యోగాలే, ఇంటికొచ్చేసరికి ఏడున్నర, ఈ నోట్సులూ వాక్యాలూ మాకు కుదిరేవి కావు. వాడికి రోజూ కూర్చుని లెక్కలు చేసే అలవాటు అక్కడే వచ్చింది, రాని లెక్క దగ్గర అరగంట కూర్చునే ఓపిక కూడా. ఇంటర్‌లో చేరాక తోటిపిల్లలు కంగారుపడుతుంటే వీడికి టెన్షన్ తక్కువ. మాస్టారు చెప్పిన మాటలు కూడా లెక్కలు ఎక్కువ చేస్తే వాటంతటవే వస్తాయి, మా వాడికి వచ్చాయి.

కాకపోతే ఒకటి నేను గమనించాను. మా వాడి క్లాసులో ఒక సెక్షన్‌కి మంచి సార్ ఉన్నాడు, లెక్క మొత్తం స్టెప్పులతో రాయించి దిద్దేవాడు. పక్క సెక్షన్‌లో అంతా ఓఎంఆర్ టెస్టులే, బిట్లు దిద్దడమే. ఆ సెక్షన్ పిల్లలు ఇప్పుడు ఇంటర్‌లో నాలుగు మార్కుల ప్రశ్న రాయాలంటే చెయ్యి ఆడట్లేదు. కాబట్టి చెల్లెమ్మా, చేర్చే ముందు వాళ్ల మెటీరియల్ కాదు, పిల్లల నోటుబుక్కులు చూపించమని అడుగు. వాళ్లు చూపించకపోతే ఆలోచించు.

గుంటూరు లెక్చరర్:

భవానీపురం సార్, మీరు చెప్పిన ఓఎంఆర్ సంగతి దగ్గర్నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే ఆ పిల్లలే తర్వాత నా దగ్గరికి వస్తారు. గుంటూరు దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఫస్టియర్‌కి కెమిస్ట్రీ చెబుతాను. ఈఏపీసెట్‌లో 160 బిట్లు మూడు గంటల్లో చేసి వచ్చిన పిల్లలు, తెలివికి తక్కువేం లేదు. కానీ నాలుగు పేజీలు ఇచ్చి, చదివి అందులో ముఖ్యమైనది అరపేజీ రాయండి అంటే ఏం చేయాలో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. స్కూల్లో రన్నింగ్ నోట్సు చెప్పి రాయించారు, ఇంటర్‌లో మెటీరియల్ ప్రింటు వేసి ఇచ్చారు. సొంతంగా నోట్సు రాసుకోవడం అనే పని వాళ్ల జీవితంలో ఒక్కసారి కూడా జరగలేదు. కాలేజీకి తయారవడం అంటే నా లెక్కలో ముందు ఇది, త్రికోణమితి ముందే చదివేయడం కాదు.

మేడమ్, మాటల సంగతికొస్తే, మాస్టారు గారు చెప్పింది పరిశోధకులు కూడా చెప్పిందే. అమెరికాలో ఇసబెల్ బెక్, మార్గరెట్ మెకియోన్ వాళ్లు మాటల్ని మూడు అంతస్తులుగా చూశారు. మొదటిది ఇంట్లో వాడుకలో వచ్చేసేవి, మూడోది ఒక్క సబ్జెక్టుకే చెందినవి, రెండోది అన్ని సబ్జెక్టుల్లోనూ తిరిగే చదువుకున్నవాళ్ల మాటలు. క్లాసులో ఎక్కువ శ్రద్ధ ఆ రెండో అంతస్తు మీద పెట్టాలని వాళ్లు చెప్పారు. న్యూజిలాండ్‌లో అవెరిల్ కాక్స్‌హెడ్ అనే ఆవిడ 2000లో 570 పద కుటుంబాలతో (ఒక మాట, దాని రూపాలన్నీ కలిపి ఒక కుటుంబం) ఒక జాబితా వేశారు, కాలేజీ స్థాయి పుస్తకాలు, వ్యాసాల్లో పదో వంతు మాటలు అవే. ఎనలైజ్, అస్యూమ్, ఇండికేట్, ఇంటర్‌ప్రెట్, డిరైవ్, వేరీ... మా పిల్లలు తడబడేది అచ్చంగా వీటి దగ్గరే. అయితే ఆ 570 ప్రింటు తీసి అమ్మాయి చేతికిచ్చి బట్టీ పట్టించకండి, దయచేసి. పాఠంలో ఎదురైనప్పుడు ఆగి పట్టుకోవాలి.

వీటిల్లో కూడా ముందు ప్రశ్నల్లో వచ్చే క్రియలు పట్టుకోండి. డిఫైన్ అంటే నిర్వచించు, ఎక్స్‌ప్లెయిన్ అంటే వివరించు, డిస్టింగ్విష్ అంటే భేదాలు చెప్పు, జస్టిఫై అంటే ఎందుకు సరైనదో కారణం చూపు. మా పేపర్లలో ఈ నాలిగింటికీ పిల్లలు ఒకే జవాబు రాస్తారు, పాఠంలో ఆ టాపిక్ దగ్గర ఏముంటే అది మొత్తం. ఏం అడిగారో చూడరు.

ల్యాబ్‌లో ఇంకా బాగా కనబడుతుంది. రికార్డులో అబ్జర్వేషన్, ఇన్‌ఫరెన్స్ అని రెండు గడులుంటాయి, తెల్లటి అవక్షేపం (ద్రావణంలో అడుగున చేరే పొడి లాంటిది) వచ్చింది అనేది కంటికి కనిపించింది, కాబట్టి క్లోరైడ్ ఉండొచ్చు అనేది మనం అనుకున్నది. ఏటా సగం రికార్డుల్లో రెండు గడుల్లోనూ ఒకటే రాసి ఉంటుంది. ఇది పద్దెనిమిదేళ్లకి నేర్పాల్సిన విషయం కాదు మేడమ్, మీ వంటింట్లో ఏడో తరగతికే వచ్చేస్తుంది. తెల్ల గుడ్డ మీద పసుపు మరక చేయండి, దాని మీద బట్టల సబ్బు రుద్దండి, ఎర్రబడుతుంది. ఎర్రబడింది అన్నంతవరకే అబ్జర్వేషన్, పరిశీలన. సబ్బు క్షారం అన్నది ఇన్‌ఫరెన్స్. అమ్మాయిని ముందు కనిపించింది మాత్రమే చెప్పమనండి, తర్వాత "అంటే ఏమనుకోవచ్చు?" అనండి. తర్వాత నిమ్మరసం పిండి చూడండి. మీ తులసి మొక్క ప్రశ్న కూడా ఇలాంటిదే, చాలా మంచి ప్రశ్న అడిగారు. దాన్ని ప్రశ్నగా వదిలేయకుండా నిజంగా ఒక చిన్న కుండీని గదిలో పెట్టి, రోజూ ఏం కనిపించిందో ఒక్క లైను రాయించండి. తులసి వద్దులెండి, ఏ మెంతులో ధనియాలో చల్లండి, ఒక గిన్నె వెలుతురులో, ఒకటి చీకట్లో.

తెలుగు టీచర్, బ్రాడీపేట:

పటమట చెల్లీ, తెలుగు మాటలు వచ్చు, ఇంగ్లిష్‌లో తడబడతాను అని ఏదో లోటులా రాశారు. అదే మీ చేతిలో ఉన్న ఆస్తి. కిరణజన్య సంయోగక్రియ అన్న మాటని విడగొట్టి చూపించారా ఎప్పుడైనా? కిరణం, జన్య అంటే పుట్టినది, సంయోగం అంటే కలయిక, క్రియ అంటే పని. ఇప్పుడు ఇంగ్లిష్ మాట చూడండి, ఫొటో అంటే వెలుతురు, సింథసిస్ అంటే కలిపి తయారుచేయడం, రెండూ ఒకటే కట్టుబడి. ఫొటోగ్రాఫ్‌లో ఉన్న ఫొటో అదే, మనం కట్టే సింథటిక్ చీరలో ఉన్నది ఆ సింథసిసే. సమద్విబాహు త్రిభుజం అంటే రెండు చేతులు సమానంగా ఉన్న త్రిభుజం, ఇంగ్లిష్‌లో ఐసోసెలిస్ అంటారు, అది గ్రీకు మాట, ఐసో అంటే సమానం, స్కెలోస్ అంటే కాలు. మనవాళ్లు చేతులన్నారు, గ్రీకులు కాళ్లన్నారు! ఈ సంగతి క్లాసులో చెబితే పిల్లలు ఎంత సంతోషపడతారో నేను కళ్లారా చూశాను, ఆ త్రిభుజం పేరు ఇక జన్మలో మర్చిపోరు. త్వరణం అంటే భయపడతారు, 'త్వరగా'లో ఉన్న త్వరే అది అంటే భయం పోతుంది.

మన తెలుగు మాటల్లో కొన్ని బరువైనవి ఉన్నాయి, కాదనను, బాష్పోత్సేకం నోరు తిరగాలంటే పిల్లకి వారం పడుతుంది. అలాంటప్పుడు "ఆకుల్లోంచి నీరు ఆవిరిగా పోవడం" అని చెప్పి, తర్వాత ట్రాన్స్‌పిరేషన్ అని చెప్పండి, సరిపోతుంది. ఏ మాటకి ఏది తెలుగో తెలియకపోతే ఆంధ్రభారతి సైట్‌లో నిఘంటువులన్నీ ఒకేచోట వెతకొచ్చు. 1968లో పెట్టిన తెలుగు అకాడమీ వాళ్లు సబ్జెక్టులవారీగా పారిభాషిక పదకోశాలు వేశారు, లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపుల్లో అడగండి, ఒక్కోసారి దొరుకుతాయి. అమ్మాయిని వెంట తీసుకెళ్లి తనకి నచ్చిన పుస్తకం తననే ఏరుకోనివ్వండి, ఫలానాదే కొనుక్కో అనకండి. ఠాగూర్ గ్రంథాలయం కూడా మీకు పెద్ద దూరం కాదు కదా. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది మీ బెజవాడలోనే, ఆ ఊళ్లో పిల్లలు సిలబస్ పుస్తకం తప్ప ఇంకోటి ముట్టకుండా కాలేజీకి వెళ్తున్నారంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

పటమట అమ్మ:

మూడు వారాలైంది, చెప్పకపోతే బాగోదని రాస్తున్నాను. అందరికీ పేరుపేరునా దండాలు. పల్నాడు బాబూ, నీ మాట మా అమ్మాయికి చదివి వినిపించాను, చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "ఆ అన్నయ్యకి ఎవరూ చెప్పలేదా అమ్మా" అంది.

నోట్సు మొదలుపెట్టాం, ఇప్పటికి 11 మాటలు. మాస్టారు గారు నాలుగే అన్నారు, అయినా రెండో వారం నేను ఆత్రపడి ఏడు పెట్టాను, ఒక్కటీ నిలబడలేదు, మళ్లీ తగ్గించాను. రెస్పెక్టివ్‌లీ కింద తను చెప్పిన వాక్యం "నేను, తమ్ముడు వరుసగా హోంవర్క్, అల్లరి చేస్తాం". పసుపు మరక చేశాం. గుడ్డ ఎర్రబడగానే నేను నోరు తెరవబోతే "అమ్మా ఆగు, ఇది ఇంకా అబ్జర్వేషనే" అని నన్నే ఆపింది. మెంతులు రెండు గిన్నెల్లో చల్లాం. చీకట్లో పెట్టినవి పొడుగ్గా, తెల్లగా, నీరసంగా వచ్చాయి, వెలుతురులోవి పొట్టిగా పచ్చగా ఉన్నాయి. ఇక్కడ తను ఒకటి అడిగింది, నాకు జవాబు తెలియలేదు: వెలుతురు లేకపోతే ఆహారం తయారవదు కదా, మరి చీకట్లోవి అంత పొడుగు ఎలా పెరిగాయి? ఎక్కణ్నుంచి తిన్నాయి?

ఫౌండేషన్ గురించి భవానీపురం అన్నయ్య చెప్పినట్టే నోటుబుక్కులు చూపించమని అడిగాను. టెస్టు మార్కుల షీట్లు చూపించారు, నోటుబుక్కులు లేవన్నారు. ఎనిమిదికి చేర్చట్లేదు, తొమ్మిదిలో మళ్లీ చూస్తాం. మావారికి కొంచెం భయంగానే ఉంది, అందరూ చేరుతున్నారు కదా అని. నాకూ లేదని చెప్పను.

ఒక సందేహం. నోట్సులో తను ఇంగ్లిష్ మాటకి అర్థం తెలుగులో రాయాలంటే తప్పులు రాస్తోంది, స్కూల్లో తెలుగు రెండో భాషే, ఒత్తులు సరిగా రావు. ఇంగ్లిష్‌లోనే రాయించనా?

గుంటూరు లెక్చరర్:

మేడమ్, గింజలో దాచిపెట్టిన ఆహారం ఉంటుంది, మొలక మొదట్లో దాన్నే తింటుంది. చీకట్లో ఉన్న మొలక వెలుతురు ఎక్కడుందో వెతుక్కుంటూ ఉన్న ఆహారమంతా పొడుగు సాగడానికే పెడుతుంది, ఆకు పచ్చబడదు. గింజలో నిల్వ అయిపోయాక వాడిపోతుంది. ఈ జవాబు తనకి వెంటనే చెప్పేయకండి. ఇంకో వారం ఆ గిన్నెని చీకట్లోనే ఉంచి ఏమవుతుందో ముందే ఊహించి రాయమనండి. అది కూడా కాలేజీలో అడిగే మాటే, ప్రెడిక్ట్.

లెక్కల మాస్టారు, తెనాలి:

ఒత్తులు తప్పు పోతే పోనివ్వండమ్మా, ఆ నోట్సు దిద్దడానికి కాదు. తను నోటితో చెప్పింది మీరు తెలుగులో రాయండి, పక్కన తనని ఇంగ్లిష్‌లో రాసుకోమనండి, నాలుగు నెలలకి తెలుగు కూడా మీది చూసి తనే రాస్తుంది. ఈ వారం నాలుగు మాటల్లో 'ఎట్ మోస్ట్' పెట్టండి. ఫ్రిజ్‌లో ఐస్‌క్రీమ్ డబ్బా మీద కాగితం అంటించి, రోజుకి ఎట్ మోస్ట్ రెండు స్పూన్లు అని తన చేతే రాయించండి, తమ్ముడికి తనే వివరించాలని షరతు పెట్టండి.